పాత లారీకి ప్రాణప్రతిష్ఠ

రాజుగారి కారు పాతబడిన కొలది దాని వెల పెరుగును. రైతు వేరుసెనగ కాయలు మోసిన లారీ పాతబడిన కొలది దాని వెల తూకపు వెలకు దిగును. మొదటిదానిని అద్దాల సాలలో నిలిపి, ప్రక్కన సంవత్సరము వ్రాసిన పలకను పెట్టుదురు. రెండవదానిని గ్యాసు మంటతో ముక్కలుగా కోసి పాత ఇనుప కొట్టునకు పంపుదురు. ఈ రెండింటిలో జనుల కడుపు నింపినది ఏదియని అడిగినచో సమాధానమునకు తడుముకొన నక్కరలేదు. అయినను ఆదరము మొదటిదానికే దక్కినది.

ఈ వైపరీత్యమును సవరించు పని కొన్ని దేశములందు కుటుంబములే చేపట్టినవి. మూలబడిన లారీని వెదకి ఇంటికి తెచ్చుకొనుట, తల్లిదండ్రులును బిడ్డలును కలిసి సెలవు దినములలో దానిని విప్పి, కడిగి, బాగుచేసి, మరల త్రోవకెక్కించుట అక్కడివారికొక వినోదము. బ్రిటనులో ఇట్టి అభిరుచి గలవారు 1958లోనే ఒక సంఘముగా ఏర్పడిరి. పాత లారీలును బస్సులును బారులుతీరి లండను నుండి బ్రైటను సముద్రతీరమునకు సాగు యాత్రను 1962లో ఆరంభించిరి. అమెరికాలో లారీల చరిత్ర కొరకే 1971లో ఒక సంఘము వెలసినది. తెలుగునాట ఈ వినోదము అరుదు. కాని దానికి అనువైన నేల ఏదియని వెదకినచో, అనంతపురము కరువు పీఠభూమి ముందువరుసలో నిలుచును. వినువారికిది వింతగా తోచవచ్చును గాని, దానికి తగిన కారణము కలదు.

కరువు దాచిన ఇనుము

అనంతపురము ప్రాంతమున సగటు వర్షపాతము ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్లు. నైరుతి ఋతుపవనములను పడమటి కనుమలు అడ్డగించును. ఈశాన్య ఋతుపవనములు తూర్పు తీరమునుండి ఇంత లోపలికి వచ్చునప్పటికి బలహీనపడును. పెన్న, చిత్రావతి, హగరి నదులు ఏడాదిలో పెక్కు మాసములు ఇసుక పాయలుగానే కనబడును. ఎఱ్ఱనేలలు లోతు తక్కువైనవి. వాన ముఖము చాటువేసినచో తేమను నిలుపుకొనలేవు. ఇది పంటకు శాపము.

ఇనుమునకు మాత్రము ఇదియే వరమైనది. ఇనుము త్రుప్పు పట్టుటకు గాలియు నీరును రెండును కావలెను. గాలిలోని సాపేక్ష ఆర్ద్రత సుమారు 60 శాతము దాటినప్పుడు త్రుప్పు వేగము హెచ్చును, తగ్గినచో మందగించును. ఉప్పుగాలి సోకు కాకినాడ, మచిలీపట్టణము వంటి తీరప్రాంతములలో ఆరుబయట విడిచిన రేకు త్వరలోనే చిల్లులు పడును. అదే రేకు గుత్తి, కల్యాణదుర్గము దిక్కున పైపై త్రుప్పుతో చాలకాలము నిలుచును. పంటను కాపాడలేని గాలి ఇనుమును కాపాడినది.

అయితే ఈ వరము సంపూర్ణమైనది కాదు. ఎండ తాకిడికి రబ్బరు పగులును, రంగు వెలియును, కొయ్య తొట్టిని చెదలు తినివేయును. కనుక ఈ సీమలో పాత లారీ దొరికినచో దాని ఎముకలు గట్టిగానే యుండును. చర్మమును నరములును మాత్రము క్రొత్తవి కావలెను.

లారీ వచ్చిన త్రోవ

ఒకప్పుడు ఈ పీఠభూమిపై బరువు మోసినవి ఎద్దుబండ్లు, రైళ్లు. గుంతకల్లు పెద్ద రైలు కూడలి. ఊరినుండి రైలు స్టేషనువరకు బండి, అక్కడనుండి రైలు. ఈ రెంటి నడుమ మోటారు లారీ ప్రవేశించినది. జనరల్ మోటార్స్ సంస్థ 1928లో బొంబాయిలో వాహనములను కూర్చు కర్మాగారమును స్థాపించిన పిదప అమెరికను లారీలు ఈ దేశపు బాటలపై విరివిగా కనబడజొచ్చినవి.

రెండవ ప్రపంచ యుద్ధకాలమున పెట్రోలునకు కట్టుదిట్టమైన రేషను ఏర్పడెను. అప్పుడు బస్సులకు, లారీలకు వెనుక పెద్ద డబ్బావంటి కొలిమిని తగిలించి, కట్టెబొగ్గును కాల్చి, ఆ వాయువుతో ఇంజను నడిపిరి. తెలుగునాట వృద్ధులు ‘బొగ్గు బస్సు’ అని చెప్పుకొనునది దీనినే. బయలుదేరుటకు ముందు క్లీనరు చెమటలు కారునట్లు చక్రమును త్రిప్పి నిప్పు రాజవేయవలెను. యుద్ధము ముగిసిన పిమ్మట సైన్యము విడిచిపోయిన ఫోర్డు, షెవర్లే, డాడ్జి బండ్లు వేలములలో అమ్ముడై, మిలిటరీ రంగుపై మరియొక రంగు పూసికొని సరుకుల మోతకు దిగినవి.

స్వాతంత్ర్యానంతరము దేశీయ సంస్థలు రంగమునకు వచ్చినవి. 1948లో స్థాపితమైన అశోక్ మోటార్స్ 1955లో అశోక్ లేలండ్ అయినది. ప్రీమియర్ సంస్థ డాడ్జి, ఫార్గో లారీలను, హిందుస్థాన్ మోటార్స్ బెడ్‌ఫర్డ్ లారీలను అందించినవి. విడిభాగములను తెచ్చి కూర్చుటతో సరిపెట్టక ఇచ్చటనే తయారుచేయువారికే ప్రోత్సాహ మీయవలెనని 1953లో టారిఫ్ కమిషన్ సూచించిన పిదప విదేశీ సంస్థలు వెడలిపోయినవి. 1954లో టాటా సంస్థ జర్మనుల సహకారముతో మెర్సిడెస్ బెంజి లారీని తెచ్చెను. 1969లో ఆ ఒప్పందము ముగిసినది. ముక్కుపై మూడు కొనల నక్షత్రమున్న లారీకిని, ఆ స్థానమున ‘టి’ అక్షరమున్న లారీకిని గల భేదము ఇదియే. శాసనముల లిపిని బట్టి కాలమును నిర్ణయించునట్లు, లారీ ముక్కును చూచి దాని కాలమును కొంతవరకు నిర్ణయింపవచ్చును.

ఈ లారీలు మోసినదేమి? ప్రధానముగా వేరుసెనగ, ఇక్కడివారి వాడుకలో బుడ్డలు. పొట్టుతోనున్న కాయ తేలికయైనది, చోటు మాత్రము హెచ్చుగా పట్టును. అందుచే లారీపై గోతములు గోపురమువలె పేర్చబడెడివి. పంట లేని యేడు అదే లారీ మరియొక బరువు నెత్తికెత్తుకొనెను. 1952 నాటి రాయలసీమ కరువులో ఊరూర గంజి కేంద్రములు వెలసినప్పుడు, రైలు లేని పల్లెకు గింజలు చేరవలెనన్న బండ్లు, లారీలే దిక్కు. తరువాతి కరువులలో పశువులకు గడ్డియు, మనుష్యులకు ట్యాంకరు నీరును తెచ్చినవియు ఇవియే. పంటను ఊరినుండి బయటికి మోసిన బండియే, కరువునాడు బయటినుండి ఊరికి బ్రదుకును మోసినది. ఇట్టి వాహనమునకు ఒక్క పలకయైనను వ్రాయింపదగదా?

ఊరిలో కలిసిపోయిన లారీ

పాత లారీని వెదకబోవు కుటుంబమునకు మొదట ఎదురగునది నిరాశ. చెట్టుక్రింద చట్రము మాత్రము కనబడును, ఇంజను ఉండదు. లేదా ముందుభాగ ముండును, చక్రములు ఉండవు. అది ఎక్కడికి పోయినది?

ఇంజనును విప్పి బావిగట్టున నిలిపి నీరు తోడించుట కలదు. ఇరుసును చక్రములును టైరు బండికి అమరినవి. కమాను పట్టాల ఉక్కు మేలైనది కనుక కమ్మరి వానిని కొలిమిలో కాల్చి కొడవళ్లు, కత్తులు, ఉలులు సాగదీసెను. అరిగిన టైరు చెప్పులైనది. ట్యూబు పిల్లలకు ఈత నేర్పినది. తొట్టి పలకలు దొడ్డి తలుపులైనవి. కరువు సీమలో ఏ వస్తువును వ్యర్థముగా చావదు. లారీ చచ్చి ఊరిలో పది రూపములెత్తినది.

కనుక అన్వేషణ పాత ఇనుప కొట్టుతో ముగియరాదు. మూతపడిన నూనె మిల్లుల వెనుక కొట్టములను చూడవలెను. పాత మేస్త్రీలను, వృద్ధులైన డ్రైవర్లను అడుగవలెను. కమ్మరి కొలిమికడ కూర్చుండవలెను. ఒక్క గేరు పెట్టె కొరకు పది ఊళ్లు తిరుగుటలో ఆ పది ఊళ్ల కథలును చెవిని పడును. వినోదము ఆరంభమగునది అక్కడనే.

చేతి పని, చేతి చదువు

లారీ దొరికినది. ఇంటికి చేరినది. ఇక తాళము త్రిప్పి చూతమను తొందర పుట్టును. అది పనికిరాదు. మొదటి పని కలముతో చేయవలెను. ఇంజను నంబరు, చట్రము నంబరు, అమ్మకపు కాగితములు, రిజిస్ట్రేషను పుస్తకము సరిపోల్చి చూడవలెను. విప్పుటకు ముందు ప్రతి భాగమునకు ఛాయాచిత్రము తీయవలెను. ఏ మర ఎక్కడిదో వ్రాసిన చీటీతో డబ్బాలో భద్రపరుపవలెను. ఇంటిలో చిన్నవారికి ఈ లెక్కల పుస్తకము నొప్పగించినచో అది వారికి చరిత్ర రచనలో తొలి పాఠమగును.

దశాబ్దములుగా కదలని ఇంజనులో పిస్టన్లు సిలిండరు గోడలను కరచుకొని యుండును. బలవంతముగా త్రిప్పినచో రింగులు విరుగును. పెట్రోలు ఇంజనైనచో ప్లగ్గులు, డీజిలు ఇంజనైనచో ఇంజెక్టర్లు విప్పి, ఆ రంధ్రములలో పలుచని నూనె పోసి, దినముల తరబడి నాననిచ్చి, పిదప హ్యాండిలుతో గోరంత గోరంతగా కదల్పవలెను. నూనె ట్యాంకులో అడుగున జిగురు పేరుకొనును. దానిని విప్పి శుభ్రపరుపవలెను. ఖాళీ ట్యాంకునకు నిప్పు చూపరాదు. లోపల మిగిలిన ఆవిరి ప్రేలును. ఇంజనుకంటె ముందు బ్రేకులు బాగుపడవలెను. నడచుట ఆలస్యమైనను పరవాలేదు. ఆగుట మాత్రము నిశ్చయముగా నుండవలెను.

త్రుప్పు వదలించుటలో రసాయనశాస్త్ర పాఠమే కలదు. ప్లాస్టికు తొట్టిలో చాకలి సోడా కలిపిన నీరు పోసి, త్రుప్పుపట్టిన భాగమును 12 వోల్టుల ఏకముఖ విద్యుత్తు యొక్క ఋణ ధ్రువమునకును, పనికిరాని ఇనుప ముక్కను ధన ధ్రువమునకును తగిలించి నీట ముంచినచో, కొన్ని గంటలలో త్రుప్పు వదులై రాలును. అప్పుడు హైడ్రోజను వాయువు వెలువడును గనుక ఈ పని ఆరుబయట, నిప్పునకు దూరముగా, పెద్దల యెదుట జరుగవలెను. ధన ధ్రువమున స్టెయిన్‌లెస్ స్టీలు వాడరాదు. విషకరమైన క్రోమియము లవణములు పుట్టును. పాత బ్రేకు పొరలలో ఆస్బెస్టాసు, పాత రంగులలో సీసము ఉండవచ్చును. వాని ధూళిని ఊదరాదు, తడిపి తుడువవలెను. జాకీని మాత్రమే నమ్మి ఎవ్వరును బండి క్రిందికి దూరరాదు. గట్టి కొయ్య దిమ్మెలను ఆనించిన పిదపనే పని.

నేటి వాహనపు దోషమును కనుగొనుటకు కంప్యూటరు కావలెను. పెనుకొండ చెంత 2019 నుండి ఉత్పత్తి సాగించిన కియా కర్మాగారమున తయారగు కార్లు ఆ తరమునకు చెందినవి. పాత లారీ అట్లు కాదు. దాని ఇంజను మూత ఎత్తినచో కారణము, కార్యము రెండును కంటికి కనబడును. పుస్తకములోని తులాదండము అక్కడ క్లచ్చి పెడలుగాను, దంతచక్రము గేరుగాను, ఉష్ణవ్యాకోచము పొంగిపోవు రేడియేటరుగాను సాక్షాత్కరించును. బడిలో వెనుకబడిన బాలుడు ఈ బడిలో ముందుండుటయు కలదు.

మచ్చలను మాపవలెనా?

ఇక్కడ ఒక ధర్మసందేహము పుట్టును. పునరుద్ధరణ యనగా లారీని కర్మాగారమునుండి వెలువడిన నాటి స్థితికి తెచ్చుటయా? ధనికుల కార్ల విషయమున అదియే ఆదర్శము. ప్రతి మరయు అసలుదే కావలెను. రంగు నాటిదే కావలెను.

కరువు సీమ లారీకి ఆ నియమము పొసగదు. దాని తొట్టి కర్మాగారమున పుట్టినది కాదు. స్థానికులైన వడ్రంగులు, కమ్మరులు కట్టినది. దాని పెట్రోలు ఇంజనును తొలగించి, మద్రాసు సింప్సన్ సంస్థవారి పెర్కిన్స్ డీజిలు ఇంజనును ఎక్కించి యుండవచ్చును. విరిగిన చట్రమునకు రైలు పట్టా ముక్కతో అతుకు వేసి యుండవచ్చును. ఈ అతుకులను తుడిచివేసినచో లారీ అందముగా నుండును. కాని దాని చరిత్ర పోవును. విడిభాగము దొరకని దినమున, కాయలు వానకు తడియక ముందే మిల్లు చేర్చవలెనని ఒక మేస్త్రి రాత్రియంతయు మేలుకొని వేసిన అతుకు అది కావచ్చును. భద్రతకు భంగము కలిగించు అతుకును మార్చవలెను. తక్కినవానిని చెక్కుచెదరకుండ ఉంచవలెను. తాళపత్రములో లేఖకుని దిద్దుబాటును పరిష్కర్త గౌరవించునట్లు, లారీలో మేస్త్రి దిద్దుబాటును గౌరవించుట న్యాయము.

ఆ మేస్త్రీల భాషయు భద్రపరుపదగినదే. ‘కమాను’ అనగా పారశీకమున ధనుస్సు. లారీ క్రింద వంగిన ఉక్కు పట్టాలకు అంతకంటె తగిన పేరు లేదు. ‘మరమ్మతు’ అరబ్బీనుండి వచ్చినది. ‘మేస్త్రి’ పోర్చుగీసువారి కానుక. అదనపు చక్రమునకు ‘స్టెప్నీ’ యను పేరు వేల్సులోని లనెల్లి పట్టణపు స్టెప్నీ వీథినుండి బయలుదేరినది. 1904లో అక్కడ డేవీస్ సోదరులు అట్టి చక్రమును తయారుచేసిరి. ‘క్లీనరు’ మాట ఇంగ్లీషుదే గాని, అర్థము తెలుగుది. కడుగువాడు మాత్రమే కాదు. డ్రైవరు ప్రక్కన కూర్చుండి విద్య నేర్చు శిష్యుడు. ఇన్ని దేశముల పదములు ఒక్క షెడ్డులో కలిసి కాపురము చేసినవి.

చట్టము చూపని కరుణ

హైదరాబాదు బస్ భవనమున ‘దక్కన్ క్వీన్’ అను ఆల్బియన్ బస్సు భద్రపరుపబడినది. 1932లో నిజాము రాష్ట్ర రైల్వేవారు 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో ఆరంభించిన రోడ్డు రవాణా శాఖకు అది గుర్తు. బస్సు వెనుక ఒక పెద్ద సంస్థ కలదు గనుక దానికి నీడ దొరకినది. లారీ ఒంటరి యజమానుల సొత్తు. దానికట్టి సంస్థ లేదు.

చట్టముకూడ దానిని మరచినది. 2021 జూలైలో కేంద్రప్రభుత్వము పురాతన మోటారు వాహనముల నమోదుకు నిబంధనలు ప్రకటించెను. మొదటి రిజిస్ట్రేషను జరిగి 50 ఏండ్లు దాటి, అసలు రూపము చెడక నిలిచిన వాహనములకు ‘వీఏ’ అక్షరములు గల ప్రత్యేకపు నంబరు లభించును; క్రొత్త నమోదునకు రుసుము 20,000 రూపాయలుగా నిర్ణయించిరి. కాని ఆ నిర్వచనమున ద్విచక్ర వాహనములును ప్రయాణికుల కార్లును మాత్రమే చేరినవి. సరుకుల లారీ చేరలేదు. అదే 2021లో పాత వాహనములను తుక్కుచేయు కేంద్రములకును నిబంధనలు వెలువడినవి.

పొగ క్రక్కు ముసలి లారీని నిత్యము రోడ్డుపై తిరుగనిమ్మని ఎవ్వరును కోరరు. ప్రజల ఊపిరియు, దారిన పోవువారి ప్రాణమును అంతకంటె ముఖ్యములు. కోరదగినది ఒక్కటియే: కారునకు ఇచ్చిన మన్నన, ప్రదర్శనకై మాత్రము కదలు లారీకిని ఈయవలెను. అంతవరకు ఈ వినోదమును చేపట్టు కుటుంబము ఇంటి ఆవరణలోనో, బడి ప్రాంగణములోనో లారీని నిలుపుకొని, రోడ్డు మీదికి తెచ్చుటకు ముందు రవాణా శాఖవారి అనుమతిని విచారించుకొనుట మేలు.

అందరికిని లారీ కొను స్తోమత ఉండదు, స్థలమును ఉండదు. కాని విద్యార్థి చేయగలిగిన పని ఒకటి కలదు. ఊరిలో టైరు బండి ఇరుసు ఏ లారీదో, బావిగట్టు ఇంజను ఏ బండినుండి దిగినదో, కమ్మరివాని కొడవలి ఏ కమానునుండి సాగినదో అడిగి వ్రాసికొనవచ్చును. బొగ్గు బస్సు నెక్కినవారు నేడు తొంబది యేండ్ల వయసు చుట్టుప్రక్కల నున్నారు. హ్యాండిలు కొట్టి ఫార్గోను లేపిన డ్రైవర్లును ముసలివారైరి. ఇనుము ఈ పొడిగాలిలో ఇంకను కొంతకాలము ఆగగలదు. వారి జ్ఞాపకము ఆగలేదు. ఈ వేసవి సెలవులలో ఉపాధ్యాయులు తమ తరగతికి ఒక నోటుపుస్తకము నిచ్చి, ఊరి మొదటి లారీ ఎవరిదో, అది తొలిసారి ఏమి మోసెనో కనుగొని రమ్మని పంపినచో, ఆ వ్రాతలే రేపు ఎవరో ఒక కుటుంబమునకు చెట్టుక్రింది చట్రమును చూపు దారిగుర్తులగును.